పుస్తకం ముట్టని 14 ఏళ్ల పిల్లాడికి ఇంట్లో ఏ సిలబస్, ఏ పుస్తకాలు?

ఒంగోలు అక్కా, మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది, ఆ వెంటనే కాస్త బాధ కూడా వేసింది, ఎందుకంటే మూడేళ్ల కిందట నేను ఇదే ప్రశ్న కనీసం పది మందిని అడిగుంటాను. అబ్బాయికి 14 నిండాయి, తొమ్మిది మధ్యలో బడి మాన్పించారు, ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నారు, ఏ సిలబస్ తీసుకోవాలో తెలియట్లేదు, వాడేమో పుస్తకం చూస్తే ఆమడ దూరం పోతున్నాడు, వాడి కోసం ఏమేం కొనాలి అని అడిగారు. నాకు తెలిసింది చెప్తాను. నేను టీచర్ని కాను, కోవూరు దగ్గర ఉంటాం, మా ఆయన రొయ్యల గుంటలు చూసుకుంటారు. మా వాడికిప్పుడు 17.

ముందు ఏమీ కొనకండి. రెండు నెలలు ఆగండి.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, మేం బడి మాన్పించిన వారంలోనే ఒక కంపెనీ దగ్గర ఏడాది ప్యాకేజీ తెప్పించాం. 38 వేలు. పెద్ద అట్టపెట్టె, రంగురంగుల పుస్తకాలు, వర్క్‌బుక్కులు, రోజువారీ టైం టేబులు. వాటిలో కథలన్నీ మంచు కురిసే ఊళ్లలో, బేస్‌బాల్ ఆడే పిల్లల మీద. మా వాడు ఒక్క పాఠం కూడా చదవలేదు, వెనక పేజీల్లో జవాబులు చూసి వర్క్‌బుక్ నింపేశాడు. నేను నాలుగు నెలలు దాన్ని చూసి, అబ్బో బాగా చదువుతున్నాడు అని మా అత్తగారికి ఫోన్లు చేసి చెప్పుకున్నాను. బయటపడ్డాక ఆ పెట్టె సగం ధరకు అమ్మేశాం, అది కూడా బేరం ఆడి ఆడి.

అప్పుడు అర్థమైంది ఏందంటే, సిలబస్ పని వేరు, పుస్తకం చదివే అలవాటు వేరు. రెంటినీ ఒకే ముడి వేస్తే రెండూ పోతాయి. సిలబస్‌ది సర్టిఫికెట్ తెచ్చే పని, అది ఎంత సన్నగా, ఎంత చవగ్గా ఉంటే అంత మంచిది. మిగిలిన టైం, డబ్బు, ఓపిక అంతా రెండో దాని మీద పెట్టండి.

ఇంకోటి, ఇది చాలామంది వదిలేస్తారు. పుస్తకాల సంగతి ఎత్తే ముందు కళ్లు చూపించండి. మా వాడికి సైటు ఉందని మాకు ఏడో నెలలో తెలిసింది, అప్పటిదాకా సోమరి అనుకుంటూ తిడుతూనే ఉన్నాం. కళ్లు బాగానే ఉండి, అక్షరాలు తారుమారుగా రాయడం, గట్టిగా చదివేటప్పుడు లైన్లు తప్పిపోవడం ఉంటే డిస్లెక్సియా, అంటే చదవడం రాయడంలో వచ్చే ఇబ్బంది, ఉందేమో పరీక్ష చేయించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అది కూడా ఉంది, సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు టైం లాంటివి ఇస్తారు.

సిలబస్ గురించి చెప్పాలంటే, మన దగ్గర తేలిగ్గా ఉండేవి రెండే దార్లు. ఒకటి ఎన్ఐఓఎస్, అంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, రెండోది మన రాష్ట్ర ఓపెన్ స్కూల్. రెంటికీ పదో తరగతి కట్టాలంటే 14 నిండాలి, మీ వాడికి నిండాయి కాబట్టి ఆ గొడవ లేదు. మేం ఎన్ఐఓఎస్ తీసుకున్నాం. ఐదు సబ్జెక్టులు చాలు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు పెడతారు, ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది ఛాన్సులు. అంటే ఐదూ ఒకేసారి రాసి తీరాలనే టెన్షన్ లేదు. మా వాడు మొదటిసారి రెండే రాశాడు, తెలుగు, హోం సైన్సు. హోం సైన్సు ఏంది మగపిల్లాడికి అని మా బావగారు ఎగతాళి చేశారు. వాడు దాంట్లోనే అన్నిటికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు, ఇప్పుడు పప్పుచారు కూడా పెడతాడు. పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. పాస్ మార్కులు 33. అసైన్‌మెంట్లకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది, అవి టైంకి ఇవ్వకపోతే మాత్రం వాళ్లని అడిగి లాభం లేదు. రాష్ట్ర ఓపెన్ స్కూల్ అయితే ఊరికి దగ్గర్లోనే ఏదో ఒక హైస్కూల్లో సెంటరు దొరుకుతుంది, తెలుగు మీడియం వాళ్లకి అది ఇంకా సులువు.

ఒక్క జాగ్రత్త. లెక్కలు కష్టమని లెక్కలు లేకుండా ఐదు సబ్జెక్టులు ఎంచుకోవచ్చు, ఎన్ఐఓఎస్ ఒప్పుకుంటుంది. కానీ రేపు పాలిటెక్నిక్‌కి పోతానంటే పదిలో లెక్కలు ఉండి తీరాలి. మా వాడు మిగతావన్నీ అయ్యేదాకా దాన్ని తోసుకుంటూ వచ్చి చివరికి రాశాడు, ఏడుస్తూ రాశాడనుకోండి, రాశాడు. మీరు ముందే పెట్టించండి.

రోజూ చదవడానికి ఎన్ఐఓఎస్ పుస్తకాలు కాస్త పొడిపొడిగా ఉంటాయి. అందుకని పక్కన మన రాష్ట్రంలో బడి పుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ వాళ్ల ద్విభాషా పుస్తకాలు పెట్టుకున్నాం, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ అదే పాఠం తెలుగులో. ఇంగ్లీష్ మీడియంలో చదివి ఇంగ్లీషూ రాక తెలుగూ రాక మధ్యలో ఆగిపోయిన పిల్లలకి ఇంతకంటే మంచివి నేను చూడలేదు, అవి ప్రభుత్వ బడి పుస్తకాలు కదా అని చులకన చేయకండి. బడి మాన్పించడం తప్పా అని మీరు భయపడుతున్నట్టున్నారు. 2009 విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల గురించి, ఇంటి చదువుకంటూ విడిగా చట్టమేమీ లేదు, ఓపెన్ స్కూల్లో పేరుంటే అడిగినవాళ్లకి చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. అంతే.

ఇక పుస్తకాలు. దీని గురించి ఎంతైనా చెప్తాను.

మా వాడికి చదవడం అసహ్యం అని నేను అనుకునేదాన్ని. నిజానికి వాడికి అసహ్యం చదివాక వచ్చే ప్రశ్నలు. కథ చదివితే నీతి ఏంటి అని అడుగుతారు, పద్యం చదివితే ప్రతిపదార్థం రాయమంటారు, పదేళ్లు ఇదే జరిగింది పాపం. అది కాక, ఒత్తులు, సంయుక్తాక్షరాలు వచ్చిన దగ్గర ఆగిపోయేవాడు, 14 ఏళ్ల పిల్లాడు నా ముందు తడబడటం వాడికి నామోషీ. అందుకని చదవమనడం మానేసి నేనే చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఇంత పెద్ద పిల్లాడికి చదివి వినిపిస్తారా అంటారేమో, నేనూ సిగ్గుపడే మొదలుపెట్టాను, కరెంటు పోయిన ఒక రాత్రి, ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని.

ఆ రోజు చదివింది ఖదీర్‌బాబు గారి దర్గామిట్ట కతలు. కావలిలో ఆయన చిన్నతనం, అంతా మన నెల్లూరు యాసలో. రెండు పేజీలు కాకముందే వాడు లేచి కూర్చుని, “అమా, ఇది మన మాటే కదా, ఇట్టా పుస్తకాల్లో రాయొచ్చా?” అన్నాడు. అప్పటిదాకా పుస్తకం అంటే ఎవరో పరాయివాళ్లు పరాయి భాషలో రాసేది అనుకున్నాడు వాడు. దర్గామిట్ట అంటే మా నెల్లూరు టౌన్లో వాడు సైకిల్ మీద తిరిగే చోటు. మూడో రోజు నాకు గొంతు పట్టేసి మధ్యలో ఆపేస్తే పుస్తకం లాక్కుని మిగతాది వాడే చదువుకున్నాడు, చప్పుడు చేయకుండా, నాకు వినపడకుండా. నేను వంటింట్లో గిన్నెలు తోముతూ పక్కకు కూడా తిరగలేదు, తిరిగితే ఆపేస్తాడని భయం. ఆ తర్వాత ఆయనవే పోలేరమ్మ బండ కతలు తనే అడిగి తెప్పించుకున్నాడు.

అందరూ బాగుందన్న పుస్తకం మన పిల్లలకి నచ్చాలని లేదు. బుడుగు నాకు ప్రాణం, మా వాడికి ఎక్కలేదు, “వీడెవడుమా ఇంత మాట్లాడతాడు” అని పక్కన పెట్టేశాడు. నాకు మనసు కాస్త చివుక్కుమంది కానీ ఊరుకున్నాను. బారిస్టర్ పార్వతీశం మొదటి భాగం మాత్రం ఇద్దరం కలిసి చదివాం, ఆయన తెలియక ఆడవాళ్ల టోపీ కొనుక్కునే దగ్గర వాడు మంచం మీద నుంచి కింద పడేంత నవ్వాడు. మిగతా భాగాలు చదవలేదు, నేనూ బలవంతం చేయలేదు.

అసలు మలుపు మా ఆయన వల్ల వచ్చింది, ఇది రాయాలంటే కొంచెం ఇబ్బందిగానే ఉంది. ఆయన కుర్రతనంలో అద్దె పుస్తకాల షాపులో మధుబాబు గారి షాడో నవలలు వరసపెట్టి చదివినవాడు. అటక మీద ఒక గోతాం నిండా ఉన్నాయి, చెదలు పట్టగా మిగిలినవి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం వాటిని దించి వాడి ముందు పడేశారు. తుపాకులు, కొట్లాటలు, ఇవా పిల్లాడికి ఇచ్చేది అని నేను గొడవపెట్టుకున్నాను. వారంలో మూడు అయిపోయాయి. భోజనం దగ్గర తండ్రీకొడుకులు షాడో ఎలా తప్పించుకున్నాడని మాట్లాడుకుంటుంటే నేను నోరు మూసుకున్నాను. వేగంగా చదవడం వాడికి అక్కడే వచ్చింది, ఒత్తుల దగ్గర ఆగితే కథ ఆగిపోతుంది కదా మరి. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు ఒకప్పుడు దాచుకుని చదివినవి ఏమున్నాయో కనుక్కోండి.

బొమ్మల పుస్తకాలను చులకన చేయకండి. అమర్ చిత్ర కథలు, ఇంగ్లీషులో వింపీ కిడ్ లాంటివి, ఏవైనా సరే. తెలుగు చదవడం మరీ తక్కువ వస్తే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో స్థాయిల వారీగా ఉచిత కథలున్నాయి, కాకపోతే అవి చిన్నపిల్లల కథలు, 14 ఏళ్ల వాడు చిన్నతనంగా అనుకుంటాడు. ఇంట్లో చెల్లెలో తమ్ముడో ఉంటే వాళ్లకి చదివి వినిపించమనండి, ఆ వంకతో వాడూ చదువుతాడు. మా పాపకి అట్టాగే ఓ పాతిక కథలు చదివి వినిపించాడు.

కథలు అసలు వద్దనే పిల్లలకి పని పుస్తకాలు. మా వాడు గుంటల మీదకి వెళ్లినప్పుడు మేత సంచుల మీద రాసింది, మందుల డబ్బాల మీద చిన్న అక్షరాలు, అన్నీ చదివేవాడు, ఎందుకంటే డోసు తప్పితే రొయ్య పోతుంది. మా ఆయన గుంట లెక్కల నోట్‌బుక్కు వాడి చేతిలో పెట్టారు, నీటి ఉప్పదనం, ఆక్సిజన్, మేత కిలోలు, రోజూ రాయాలి, నెలకోసారి చదివి చెప్పాలి. మీరు గ్రానైట్ పనిలో ఉన్నామని రాశారు కదా, చీమకుర్తి రాయి గురించి చదవాల్సింది అంతకంటే తక్కువేమీ ఉండదు.

మేడ మీద నుంచి శ్రీహరికోట రాకెట్లు మాకు కనిపిస్తాయి. ఒక ప్రయోగం రోజు సాయంత్రం అది చూసి కిందకి దిగాక కలాం గారి ఆత్మకథ తెలుగులో, ఒక విజేత ఆత్మకథ, తీసి మొదటి నుంచి కాకుండా ఎస్ఎల్‌వీ-3 రాకెట్ దగ్గర తెరిచాను. 1979 ఆగస్టులో మొదటిది సముద్రంలో పడిపోవడం, 1980 జులైలో రెండోది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టడం. ఆ రెండు అధ్యాయాలు చదివాక వెనక్కి వెళ్లి మిగతాది తనే చదివాడు. పుస్తకాన్ని మొదటి పేజీ నుంచే చదవాలని రూలేమీ లేదు, అది బడి పెట్టిన రూలు. నచ్చకపోతే సగంలో వదిలేయనివ్వండి, మేం పది తెస్తే ఆరు వదిలేశాడు.

అందుకే కొనకండి అన్నది. ఒంగోలులో జిల్లా గ్రంథాలయంలో మెంబర్‌షిప్ తీసుకోండి, తెచ్చింది తిరిగి ఇచ్చేయొచ్చు, డబ్బులు దండగయ్యాయని వాడిమీద అరవాల్సిన పని ఉండదు. వీలైతే ఒకసారి చీరాల దగ్గర వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకుపోండి, 1918లో పెట్టిన గ్రంథాలయం, 2022 దాకా మీ ప్రకాశం జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు బాపట్లలో ఉంది. గాంధీ గారి చేతికర్ర అక్కడ దాచారు. పాత పత్రికలు బైండు చేసి ఉంటాయి, మా వాడు వాటిలో పాత సినిమా ప్రకటనలు చూస్తూ రెండు గంటలు కూర్చున్నాడు. చదివాడా అంటే చదివాడు, ప్రకటనలే చదివాడు. వచ్చేటప్పుడు జీడిపప్పు తెచ్చుకున్నాం.

ఫోను గురించి అడిగారు. మేం లాక్కోలేదు, రాత్రి తొమ్మిది నుంచి పది దాకా మాత్రం ఇంట్లో అందరి ఫోన్లూ ఫ్రిజ్ మీద, నాదీ మా ఆయనదీ కూడా. రొయ్యల రేటు తెలుసుకోవాలి అని మా ఆయన మొదటి వారంలో రెండుసార్లు దొరికిపోయాడు.

మీ వాడు అడక్కుండానే దేని గురించి మాట్లాడతాడో రాయండి, క్రికెటా, బైకులా, ఎద్దుల పందేలా, దాన్ని బట్టి ఇంకో నాలుగు పేర్లు చెప్తాను. దర్గామిట్ట కతలు కావాలంటే మాదే ఇస్తాను, వచ్చే నెల ఒంగోలులో మా పెద్దమ్మ ఇంటికి వస్తున్నాం. మధ్యలో కొన్ని పేజీలకి రొయ్యల మేత మరకలున్నాయి, వాసన కూడా పోలేదు, ఏమీ అనుకోవద్దు.