పాఠకుల ప్రశ్నలు: ఆగని గాడి

ప్రశ్న: గాడ్‌స్పీడ్ యూ! బ్లాక్ ఎంపరర్ అనే సంగీత బృందం మొదటి ఎల్‌పీ (పెద్ద వినైల్ రికార్డు) కొన్నాను. రెండో వైపు చివర ధ్వని ఆగకుండా తిరుగుతూనే ఉంటుందట. నా ప్లేయర్‌లో మాత్రం ముల్లు ఉండే చేయి దానంతటదే లేచి వెనక్కి వెళ్లిపోతోంది. రికార్డులో లోపమా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: రికార్డు బాగానే ఉంది, మీ ప్లేయర్‌కి ఆటో రిటర్న్, అంటే చేతిని దానంతటదే వెనక్కి తెచ్చే ఏర్పాటు ఉంది. మామూలు రికార్డులో గాడి లోపలికి చుట్టుకుంటూ వచ్చి, లేబుల్ పక్కన శబ్దం లేని వలయంగా ముగుస్తుంది. ఇందులో ఆ ఆఖరి వలయంలోనే ధ్వని చెక్కారు. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఒక చుట్టుకి 1.8 సెకన్లు. ముల్లు ఎత్తేదాకా అదే ముక్క తిరుగుతుంది. ఆల్బమ్ పేరు ‘ఎఫ్ షార్ప్ ఎ షార్ప్ ఇన్ఫినిటీ’లోని ఆఖరి మాటకు, అంటే ‘అనంతం’కు, ఇంతకన్నా చక్కని రూపం ఉండదు.

చేయి లేబుల్‌ దాకా రాగానే ఆటో రిటర్న్ కదులుతుంది కాబట్టి, మాన్యువల్‌ మీట ఉంటే దానికి మార్చండి. లేకపోతే ప్లేయర్ చేతిని పట్టుకుని ఆపే ప్రయత్నం వద్దు, లోపలి గేర్లు దెబ్బతింటాయి. మాన్యువల్‌లో వింటూ నిద్రపోతే ముల్లు రాత్రంతా ఒకే చోట అరుగుతుంది. పాట మధ్యలో ఇలా తిరిగితే మాత్రం అది దుమ్మో గీతో. ముందు కార్బన్ ఫైబర్ బ్రష్‌తో తుడిచి, ముల్లు బరువు తయారీదారు చెప్పినంత ఉందో లేదో చూడండి.

ప్రశ్న: ఈ ఆల్బమ్ తెచ్చిన కాన్‌స్టెలేషన్ సంగతేమిటి? కవర్లో నలిగిన నాణెం ఎందుకు? సీడీ కొంటే చాలదా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: కెనడాలోని మాంట్రియల్‌లో ఇయాన్ ఇలావ్‌స్కీ, డాన్ విల్కీ నడిపిన లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) ఇది. 1997లో సోఫా బృందం రికార్డులతో మొదలై, అదే ఏడాది ఈ ఎల్‌పీ తెచ్చింది. మొదటి ముద్రణ సుమారు 500 ప్రతులే. అట్టలు చేత్తో తయారుచేశారు, పైన ఫొటో అతికించారు, లోపల రైలు కింద పెట్టి చదును చేసిన పెన్నీ నాణెం ఉంచారు. యంత్రం చేసే ప్యాకింగ్‌లో ఆ నాణేనికి చోటుండేది కాదు. ఏ ప్రతిలోనూ అది ఒకేలా నలగదు, ఆ తేడానే ఈ లేబుల్ విలువ అని మా అభిప్రాయం. నాణెం ఉందని మొదటి ముద్రణ అనుకోకండి, తర్వాతి వాటిలోనూ పెట్టారు.

సీడీని 1998లో షికాగో లేబుల్ క్రాంకీ తెచ్చింది. అది గంట దాటుతుంది, ఎల్‌పీ 40 నిమిషాల లోపే. కూర్పే వేరు, ఒకటి రెండోదానికి బదులు కాదు.

ఎల్‌పీ కొంటే రికార్డును నిలువుగా పెట్టండి. పడుకోబెట్టి పైన బరువు పెడితే నాణెం ఉన్నచోట రికార్డుకు ఒత్తిడి తగులుతుంది. నాణేన్ని కవర్లోంచి తీసి విడిగా దాచుకోవడమే మేలు.