పాత పత్రికల్లో ‘మందు’ వెతకడం: సమాధానం

పాత పత్రికల స్కాన్లలో ‘మందు’ అని వెతికితే వైద్యంతో సంబంధం లేనివే కుప్పలుగా వస్తున్నాయన్నారు కదా, మొదట ‘ముందు’ని ఏరేయండి. అచ్చు చెదిరి ‘ము’లోని కొమ్ము సరిగ్గా పడకపోతే కంప్యూటర్ దాన్ని ‘మ’ అనే చదువుతుంది. అనుమానమొస్తే పేజీ బొమ్మ తెరిచి కంటితో చూడాల్సిందే.

మిగిలినవాటికి పక్కమాటే ఆధారం. తుపాకి, గుండు ఉంటే యుద్ధమో వేటో. పురుగు, పిచికారీ ఉంటే సేద్యం. సీసా వెల, తపాలా ఖర్చు కనిపిస్తే ప్రకటన. ఇవి పారేయకండి, నాకైతే వార్తలకన్నా ఇవే విలువైనవి. జనం ఏ జబ్బులకు భయపడేవారో వాటిలోనే తెలుస్తుంది.

తాగే మందు కావాలంటే ‘మద్యం’, ‘సారా’, ‘కల్లు’ కూడా వెతకండి. మద్రాసు రాష్ట్రంలో నిషేధం 1937లో సేలం జిల్లాతో మొదలైంది, అక్కడి నుంచి చూడండి. ‘మందునకు’, ‘మందులు’ రూపాలు విడిగా కొట్టడం మరవకండి.