ఇల్లు మీదపడినా నవ్వడు, ఉలకడు

ప్రశ్న: సార్, మా పిల్లోడు ఫోన్‌లో పాత మూకీ సినిమాలు పెట్టుకుని పడీపడీ నవ్వతా ఉంటాడు. అందులో బస్టర్ కీటన్ అనే ఆయన ఇంటి గోడ మీదపడినా మొహం కదలనీడు. మనిషే అంతా, లేక నటనా? స్టేజీ నుంచి వచ్చాడంట, నిజమేనా? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: నటనేనమ్మా, అది కూడా చిన్నప్పుడే స్టేజీ మీద దెబ్బలు తింటా నేర్చుకున్నది. వాడెవిల్ అని అమెరికాలో ఒక రకం షో ఉండేది, ఒకే టికెట్ మీద పాట, డాన్సు, గారడీ, కామెడీ, ఎవరి ఐటెం వాళ్లు చేసి దిగిపోతారు, మన వైపు తిరనాళ్లలో రాత్రి స్టేజీ ప్రోగ్రాం లాగానే అనుకోండి. కీటన్ 1895లో కాన్సాస్ రాష్ట్రంలో పుట్టాడు, అమ్మానాన్న ఇద్దరూ ఆ షోలు చేసుకుంటా ఊరూరూ తిరిగేవాళ్లే, ఇంక బడి యాడిది, చిన్నప్పుడే ముగ్గురూ కలిసి ఒక ఐటెం కట్టారు. ఏం ఐటెం అనుకున్నారు? మాట వినని కొడుకుని తండ్రి ఎత్తి విసిరేయడం! సెట్టు మీదకి, కింద వాయిద్యాలోళ్ల మీదకి, ఎటు కుదిరితే అటు. పట్టుకోడానికి వీలుగా పిల్లోడి బట్టలకి వెనకాల సూట్‌కేసు పిడి కుట్టారు! న్యూయార్క్‌లో పిల్లల సంరక్షణ సంఘం వాళ్లు వెంటబడ్డారు కూడా. ఆ పడటాల్లోనే పిల్లోడు ఒకటి కనిపెట్టాడు, పడి తను నవ్వితే జనం నవ్వరు, ఏమీ జరగనట్టు లేస్తే హాలు ఊగిపోద్ది. ఇంక జన్మలో ఆ మొహం మార్చలా.

తండ్రి తాగుడు ముదిరి 1917లో ఆ ఐటెం ఆగిపోయింది. న్యూయార్క్‌లో వారానికి 250 డాలర్ల స్టేజీ పని చేతిలో పెట్టుకుని, రోస్కో ఆర్బకల్ అనే కామెడీ నటుడు సినిమా తీస్తుంటే చూడ్డానికి పోయి, అది వదిలేసి 40 డాలర్లకి అక్కడే చేరిపోయాడు. పిచ్చి పని అనిపిస్తది గానీ ఆయనకి కెమెరా మీద మనసు పడింది, దాన్ని ఊడదీసి లోపల ఏముందో చూశానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. నన్నడిగితే ఆయన గొప్పంతా ఇక్కడే ఉంది, పడటం స్టేజీ నేర్పింది సరే, కెమెరా యాడ పెడితే ఆ పడటం పండుతుందో ఆయనే పట్టుకున్నాడు.

మీ పిల్లోడు చూసింది 1928 నాటి స్టీమ్‌బోట్ బిల్ జూనియర్. అది ట్రిక్కు కాదు, నిజం గోడే పడింది, పై కిటికీ ఖాళీ సరిగ్గా తన మీదకి వచ్చేట్టు కొలుచుకుని నిలబడ్డాడు, చుట్టూ సందు అంగుళాల్లోనే.

ప్రశ్న: టాకీలొచ్చాక కీటన్ ఏమైపోయాడు? – ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: గొంతు బాగాలేక పోయాడంటారు చానామంది, అది ఉత్త మాట. 1928లో సొంత యూనిట్ వదులుకుని ఎంజీఎం అనే పెద్ద హాలీవుడ్ సినిమా కంపెనీలో చేరాడు, అక్కడ కథ వాళ్లది, పెత్తనం వాళ్లది. దానికి తోడు తాగుడు, విడాకులు, 1933లో తీసేశారు. కొన్నేళ్లకి అదే కంపెనీలో వేరే వాళ్ల సినిమాలకి జోకులు రాసుకుంటా బతికాడు, 1960లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు, 1966లో పోయాడు. మొదటిసారి చూసేవాళ్లు షెర్లక్ జూనియర్ చూడండి, ముప్పావు గంటే. అందులో రైలు మీద నీళ్లు పడే సీనులో ఆయన మెడ ఎముక విరిగింది, ఆ సంగతి ఏళ్ల తర్వాత ఎక్స్‌రేలో గానీ బయటపడలేదంట!