వియత్నాం సంగతి తర్వాత, ముందు మీ ఆవిడతో మాట్లాడండి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది విశాఖపట్నం, గోపాలపట్నం. నాకు 41 ఏళ్లు. ఎం.ఏ. ఇంగ్లీషు, బీఈడీ చేశాను. పద్నాలుగేళ్లుగా ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. జీతం 24 వేలు. నేనూ మా ఆవిడా ఇద్దరం మెగా డీఎస్సీ రాశాం. ఆవిడకు వచ్చింది, నాకు రాలేదు. పోస్టింగ్ చోడవరం దగ్గర. పొద్దున్న ఆరున్నరకే బస్సుకి వెళ్లిపోతుంది. పాప ఎనిమిదో తరగతి. పాప క్యారేజీ, మా అమ్మ ఇన్సులిన్ నేనే చూసుకుంటాను. అమ్మ మాతోనే ఉంటుంది. ఇక్కడ నాకు ఎదుగుదల లేదు. అందుకని విదేశాల్లో ఇంగ్లీషు టీచరుగా వెళ్దామని పోయిన నెల మర్రిపాలెం వెళ్లి పాస్‌పోర్టుకి ఇచ్చి వచ్చాను. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు వియత్నాంలో ఉద్యోగం ఇప్పిస్తామన్నారు. మొత్తం లక్షా ఎనభై వేలు. టూరిస్టు వీసా మీద వెళ్తే అక్కడికెళ్లాక మార్పిస్తారట. 20 వేలు అడ్వాన్సు ఇచ్చాను. మిగతాదానికి మా ఆవిడ జీతం మీద లోను తీసుకోవచ్చు. ఆవిడకు ఇంకా చెప్పలేదు, చెబితే కాదనదు. ఆవిడ జాయినయిన రోజు నేనే బండి మీద తీసుకెళ్లాను. అక్కడ హెచ్చెమ్ గారు "మీరేం చేస్తుంటారు సార్" అని అడిగితే "బిజినెస్" అని చెప్పాను. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. వియత్నాం మంచిదా, థాయ్‌లాండా? ఇంగ్లీషు బోధనలో ఆన్‌లైన్ 120 గంటల సర్టిఫికెట్ చాలా, సెల్టా కోర్సు చెయ్యాలా? దయచేసి చెప్పగలరు.

జవాబు:

మాస్టారూ, చోటు చాలక మీ ఉత్తరాన్ని కుదించాను. అసలు ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడున్నర పేజీలు దేశాలు, సర్టిఫికెట్లు, అక్కడి జీతాలు, అద్దెలు. మీ ఆవిడ గురించి రాసింది ఏడెనిమిది లైన్లు. నాకు ఆ ఏడెనిమిది లైన్లలోనే మీరు కనిపించారు.

పద్నాలుగేళ్లు పిల్లలకు పాఠం చెప్పినవారు. మీ దగ్గర టెన్సులు నేర్చుకున్నవాళ్లు ఈపాటికి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేసుకుంటూ ఉంటారు. అలాంటిది ఒక హైస్కూలు స్టాఫ్ రూమ్‌లో నిలబడి "నేనూ టీచర్నే సార్" అనలేకపోయారు. పక్కనే మీ ఆవిడ ఉంది కదా? విన్నది కదా? తిరిగి వచ్చాక ఏమన్నా అందా? అని ఉంటే మీరు రాసేవారు. ఏమీ అనలేదంటే మీ మనసులో ఏముందో ఆవిడకు ఆ క్షణమే అర్థమైపోయిందన్నమాట. పాపం, కొత్త ఉద్యోగం మొదటి రోజు. జాయినింగ్ రిపోర్టు మీద సంతకం పెడుతూ మొగుడి ముఖం చూసి సంతోషాన్ని దాచుకుని ఉంటుంది.

ఆ అబద్ధానికి మిమ్మల్ని తిట్టను. నోరు జారింది, అయిపోయింది. నన్ను కలవరపెట్టింది వరస. డీఎస్సీ ఫలితాలు వచ్చాయి, ఆవిడ జాయినయింది, మీరు బిజినెస్ అన్నారు, ఆ తర్వాతే పాస్‌పోర్టుకి వెళ్లారు. అంతకుముందు పద్నాలుగేళ్లలో వియత్నాం మీకు గుర్తుకొచ్చినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. మీరు "ఎదుగుదల" అని రాశారు గానీ, నాకు మాత్రం మీరు ఇంట్లోంచి పారిపోవడానికి దారి వెతుక్కుంటున్నట్టే ఉంది.

మొగుడి జీతం పెళ్లాం జీతం కన్నా ఒక రూపాయైనా ఎక్కువుండాలని మన ఇళ్లలో పైకి ఎవరూ అనరు. పెళ్లిచూపుల్లో మాత్రం ముందు లెక్క చూసేది అదే. మీకు కుళ్లుగా ఉంది. ఉండదా మరి? ఇద్దరూ ఒకే డైనింగ్ టేబుల్ మీద అవే పుస్తకాలు పెట్టుకుని చదివారు. బహుశా ఆవిడకు అర్థం కానివి మీరే చెప్పి ఉంటారు. ఆవిడ పేరు లిస్టులో ఉండి మీ పేరు లేకపోతే గుండె చివుక్కుమనడం మనిషన్నవాడికి సహజం. అయితే ఆ నొప్పిని ఒక్కసారి కూడా ఆవిడ ముందు పెట్టకుండా దేశం దాటిపోవాలనుకోవడం మాత్రం నాకు నచ్చలేదు.

ఇంకో మాట. ఆవిడ జీతం మీకు కంట్లో నలుసైంది. మళ్లీ లోను మాత్రం ఆ జీతం మీదే కావాలి! "చెబితే కాదనదు" అని ఎంత ధీమాగా రాశారు. కాదనే మనిషికి భయపడి దాచారంటే కొంత అర్థం ఉంది. కాదనని మనిషికి చెప్పకుండా ఆవిడ జీతాన్ని లెక్కల్లో వేసుకోవడం ఏం మర్యాద? ఈఎమ్ఐ కట్టేది ఆవిడ, సంతకం పెట్టేది ఆవిడ. మీ ఉత్తరం సంగతి తెలియంది కూడా ఆవిడకే. నా వరకు ఆత్మగౌరవం అంటే, ఎవరి డబ్బు వాడుకుంటున్నామో వాళ్ల ఎదురుగా కూర్చుని అడగడం.

ఇక అమ్మగారు. ఈ విషయంలో నేను కొంచెం పాతకాలపు మనిషినే. అమ్మ మీ అమ్మ. కన్న కొడుకు మీరు. మీరు విమానం ఎక్కితే ఆవిడ ఇన్సులిన్ ఎవరు వేస్తారు? ఆరున్నరకు బస్సెక్కే కోడలు నాలుగింటికి లేచి వంట చేసి, ఇంజెక్షన్ వేసి, అరగంట ఆగి టిఫిన్ తినిపించి, పాప క్యారేజీ సర్ది, చోడవరం బస్సు అందుకోవాలి. సాయంత్రం స్కూలు అయ్యాక సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆ ట్రాఫిక్‌లో ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. మధ్యాహ్నం అమ్మగారికి షుగర్ పడిపోయి చెమటలు పడితే ఇంట్లో ఎవరుంటారు? ఎనిమిదో తరగతి పిల్లా? అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే ముందు వాళ్లతో మాట్లాడండి. "మా ఆవిడ చూసుకుంటుంది" అనే మాట మాత్రం మీ నోట రాకూడదు.

మీకు తెలియని విషయం ఒకటి చెప్పనా? ఆవిడ ఆ దూరం వెళ్లి ఉద్యోగం చెయ్యగలుగుతోందంటే దానికి కారణం పొద్దున్నే వంటింట్లో మీరు ఉండటం. క్యారేజీ, ఇంజెక్షన్ అని మీరు ఒక్క ముక్కలో రాసి తీసిపారేశారు. చాలా ఇళ్లలో ఆ ఒక్క ముక్క చేసే మగవాడు లేకే ఆడవాళ్లు వచ్చిన ఉద్యోగాలు వదులుకున్నారు.

అలాగని ఆ స్కూల్లోనే రిటైరవ్వమని చెప్పను. ప్రైవేటు స్కూలు టీచరు బతుకు ఎలా ఉంటుందో నాకు ఎంతోమంది రాశారు. ఏప్రిల్ ఎండలో పాంప్లెట్లు ఇచ్చి అపార్టుమెంట్ల వెంట అడ్మిషన్లకు తిప్పుతారు. వేసవి జీతం ఇస్తారో ఇవ్వరో జూన్ దాకా తెలియదు. టెన్త్‌లో ఒక సెక్షన్‌కి మార్కులు తగ్గితే పాతికేళ్ల కుర్ర ఇంచార్జి ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. ఎం.ఏ., బీఈడీ ఉన్న మీకు అందులోంచి బయటపడాలని ఉండటం న్యాయమే. విదేశం వెళ్లడం కూడా తప్పు కాదు, వెళ్లాలనుకుంటే తలెత్తుకుని వెళ్లండి.

ఇప్పుడు మీ ప్రశ్న. వియత్నామా, థాయ్‌లాండా అంటే, ఆ కన్సల్టెన్సీ ద్వారా అయితే రెండూ వద్దు. టూరిస్టు వీసా మీద వెళ్లి పాఠాలు చెప్పడం రెండు దేశాల్లోనూ చట్టవిరుద్ధం. వియత్నాంలో ఉద్యోగం ఇచ్చే సంస్థ మీ పేర వర్క్ పర్మిట్ తీసుకోవాలి. దానికి డిగ్రీ, టీచింగ్ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్, వైద్య పరీక్ష కావాలి. డిగ్రీ కాగితాల మీద మన విదేశాంగ శాఖ అటెస్టేషన్ లాంటివి ఇక్కడ ఉండగానే చేయించుకోవాల్సిన పనులు. అవి లేకుండా వెళ్లి ఇరుక్కుంటే ఆ కాగితాల కోసం ఇక్కడ ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు? మళ్లీ మీ ఆవిడే, అదీ క్యాజువల్ లీవు పెట్టి.

థాయ్‌లాండ్‌లో ఉద్యోగానికిచ్చే నాన్-బి వీసా, దాని మీద వర్క్ పర్మిట్ ఉండాలి. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లను ఐఈఎల్‌టీఎస్, టోయిక్ లాంటి ఇంగ్లీషు పరీక్షల స్కోరు అడుగుతారు. మీకు బీఈడీ ఉండటం కలిసొచ్చే విషయం. దక్షిణ కొరియా అని కూడా ఒకచోట రాశారు. దాని మీద ఆశ పెట్టుకోకండి. అక్కడ ఇంగ్లీషు టీచర్లకిచ్చే వీసా ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పాస్‌పోర్టులకే. మిగతా దేశాల్లో కూడా ప్రకటనలో "నేటివ్ స్పీకర్" అని ఉందో లేదో ముందు చూడండి. కన్సల్టెన్సీ వాడు చూపించిన జీతం ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లకిచ్చేది, మన పాస్‌పోర్టుకి అదే ఇస్తారన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఎవరూ మీకు చెప్పినట్టు లేదు గానీ, మీలాంటి బీఈడీ టీచర్లు ఎప్పటినుంచో వెళ్తున్న చోటు మాల్దీవులు. అక్కడ స్కూళ్లు ఇంగ్లీషు మీడియం, మన దేశపు టీచర్లు చాలామంది ఉన్నారు, దూరమూ తక్కువ.

సర్టిఫికెట్ సంగతి: కేంబ్రిడ్జ్ వాళ్ల సెల్టాలో నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పాలి, ట్రైనర్ చూసి తప్పొప్పులు చెబుతాడు. చవగ్గా దొరికే ఆన్‌లైన్ 120 గంటల కోర్సుల్లో చాలావాటికి ఆ భాగం ఉండదు. డబ్బు పెట్టేదే అయితే సెల్టాకి పెట్టండి. ఖర్చు బాగానే అవుతుంది, నాలుగైదు వారాలు పూర్తిగా దానికే కూర్చోవాలి. అందుకే ఇంట్లో ఒప్పందం అయ్యాకే అనేది.

కన్సల్టెన్సీ గురించి గట్టిగా చెబుతున్నాను. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఉన్నవాళ్ల పేర్లు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటాయి, అయిదు నిమిషాల పని. లైసెన్సు ఉన్నా సర్వీసు ఛార్జీ కింద 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. మీ వాడు అడిగింది లక్షా ఎనభై. 2024 మే నెలలో మన విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు అప్పుడే మర్చిపోయామా? డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన ఊరి కుర్రాళ్లను తీసుకెళ్లి, గదుల్లో పెట్టి, సైబర్ మోసాలు చేయించారు. వాళ్లూ ఇక్కడి ఏజెంట్ల చేతుల్లో డబ్బు పెట్టి వెళ్లినవాళ్లే.

ఈ ఆదివారం మీ ఆవిడకు సెలవు కదా. మధ్యాహ్నం భోజనాలయ్యి అమ్మగారు నడుం వాల్చాక కూర్చోండి. ముందే వియత్నాం ఎత్తకండి. "నీకు ఉద్యోగం వచ్చిందని సంతోషమే. నాకు రాలేదని లోపల కుళ్లుగానూ ఉంది. అందుకే ఆ రోజు బిజినెస్ అన్నాను" అని చెప్పండి. ఆవిడ నవ్వినా, ఏడ్చినా, చెడామడా తిట్టినా మధ్యలో అడ్డు రాకండి. అడ్వాన్సు సంగతి కూడా అప్పుడే చెప్పేయండి, బ్యాంకు మెసేజీ ద్వారా తెలిస్తే ఇంకా ఘోరం. విదేశం మాట ఆ తర్వాత. ఏ దేశం, ఎన్నాళ్లు, అమ్మ ఎవరి దగ్గర, నెలకు ఎంత పంపుతారు, ఇవన్నీ కాగితం మీద ఇద్దరూ కలిసి రాయండి. ఆవిడ వద్దంటే ఎందుకో అడిగి వినండి. ఒప్పుకుంటే సరైన వర్క్ వీసా మీద, ఏడాది ఒప్పందంతో వెళ్లండి. మళ్లీ డీఎస్సీ రాద్దామనుకున్నా ఈసారి మిమ్మల్ని చదివించేది ఆవిడ కావచ్చు, దానికి నామోషీ పడొద్దు.

ఆ 20 వేల కోసం సోమవారమే వెళ్లి రాతపూర్వకంగా అడగండి, మీ ఆవిడ వస్తానంటే వెంట తీసుకెళ్లండి. వాళ్లు సాకులు చెబితే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. రసీదు ఇవ్వలేదని ఉత్తరంలో రాశారు. ఫోన్‌పేలో పంపారు కాబట్టి ఆ స్క్రీన్‌షాటు ప్రింటు తీసి జత చెయ్యండి.