నెగెటివ్‌లు కొన్నంత మాత్రాన ఫొటోల మీద హక్కు రాదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నాన్న రైసు మిల్లులో గుమస్తా. సెలవు రోజున మెడలో కెమెరా వేసుకొని బజారంతా తిరిగి ఫొటోలు తీసేవాడు, ఎవరికీ చూపించేవాడు కాదు. 2023లో వీలునామా రాయకుండానే పోయాడు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తమ్ముడు నెగెటివ్‌లున్న ట్రంకుపెట్టెను పాత సామాన్లతో కలిపి అమ్మేశాడు. కొన్నాయన ఇప్పుడు ప్రింట్లు వేసి అమ్ముతున్నాడు. అడిగితే ‘డబ్బిచ్చి కొన్నా, నావే’ అంటున్నాడు. అమ్మ ఉంది. పెళ్లయిన ఆడపిల్లను, నేను అడగొచ్చా?

జవాబు: నిక్షేపంగా అడగొచ్చమ్మా. తమ్ముడు అమ్మింది పెట్టెను, ఫిల్మును. కాపీరైట్, అంటే ఆ ఫొటోలకు కాపీలు వేసి అమ్ముకునే హక్కు, వేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసినవారే దాని కర్త. (ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలైతే లెక్క వేరు.) హక్కు చేతులు మారాలంటే హక్కుదారు సంతకంతో కాగితం ఉండాలి. తూకానికి పోయిన పెట్టెకు ఆ కాగితం ఉండదు.

షికాగోలో ఇలాగే జరిగింది. వివియన్ మేయర్ ఇళ్లలో పిల్లల్ని చూసుకునే ఆయా. వీధుల్లో లక్షకు పైగా ఫొటోలు తీసింది. అద్దె బాకీపడ్డ గోదాములోని ఆమె సామాను 2007లో వేలానికి వచ్చి, నెగెటివ్‌లు వేరేవాళ్ల చేతికి పోయాయి. 2009లో ఆమె చనిపోయాకే పేరొచ్చింది. తర్వాత వారసులెవరన్నది కోర్టుకెక్కింది. అక్కడా నెగెటివ్ కొంటే కాపీరైట్ రాదు.

మీది హిందూ కుటుంబమైతే, 1956 వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, మీకు, తమ్ముడికి సమాన వాటా. పెళ్లితో అది పోదు. 2083 చివరి దాకా హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేదని టెన్షన్ వద్దు, అది తప్పనిసరి కాదు.

ముందు ముగ్గురి సంతకాలతో లాయర్ నోటీసు పంపండి. అయినా ఒక మాట. ఆయన కొనకపోతే ఆ ఫిల్మ్ చెత్తలో కలిసేది. ఆయన్ని దొంగలా చూడకండి. స్కాన్ కాపీలు, నాన్న పేరు, అమ్మకాల్లో వాటా అడగండి. ఆయనతో ఒప్పందం రాసుకుంటే, హక్కు ఎన్నేళ్లకు ఇస్తున్నారో అందులో తప్పక రాయండి. రాయకపోతే 5 ఏళ్లనే చట్టం అనుకుంటుంది. వినకపోతే మీరుండే చోటే దావా వేయొచ్చు.

అప్పుడు ఫొటోలు నాన్నవేనని చూపాలి. కవర్ల మీద ఆయన పెన్సిల్ రాత, ఇంట్లో మిగిలిన ప్రింట్లు, కెమెరా దాచండి. స్కాన్లు రాగానే అమ్మ పక్కన కూర్చోండి. బస్తా మోస్తున్న హమాలీ ఎవరో, ఆ కొట్టు ఎవరిదో ఆమెకు తెలుస్తుంది. చెప్పింది చెప్పినట్టు తేదీ వేసి రాసుకోండి.