స్పాన్సర్‌షిప్‌కి డబ్బు కట్టాలా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా తమ్ముడు ఐటీఐ వెల్డర్. కృష్ణపట్నం దగ్గర ఒక వర్క్‌షాపులో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాడు. నెల్లూరులో ఒకాయన "ఆస్ట్రేలియా కంపెనీ స్పాన్సర్‌షిప్ సిద్ధంగా ఉంది, 12 లక్షలు అవుతుంది, సగం ముందివ్వండి" అంటున్నాడు. పొలం తాకట్టు పెట్టి కట్టొచ్చా?
– కావలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: కట్టొద్దండీ. ఆ పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఎందుకు వద్దంటున్నామో మీకే అర్థమవుతుంది.

మీ తమ్ముడికి సరిపోయేది 482 వీసా, అంటే కంపెనీ స్పాన్సర్ చేస్తే ఆస్ట్రేలియాలో కొన్నేళ్లు పనిచేయనిచ్చే వీసా. 2024 డిసెంబరు 7 నుంచి దాని పేరు స్కిల్స్ ఇన్ డిమాండ్. ఇందులో మూడు మెట్లు. ముందు కంపెనీ స్పాన్సర్‌గా అనుమతి తెచ్చుకోవాలి. అది ఐదేళ్లు చెల్లుతుంది. తర్వాత ఫలానా పనికి ఫలానా మనిషి కావాలని నామినేషన్ వెయ్యాలి. దానికి ముందు కనీసం 4 వారాలు అక్కడే ప్రకటనలిచ్చి, స్థానికులెవరూ దొరకలేదని చూపించాలి. మీ తమ్ముడి వీసా దరఖాస్తు మూడో మెట్టు.

మొదటి రెండు మెట్ల ఖర్చూ కంపెనీదే. నామినేషన్‌తో పాటు శిక్షణ నిధికి కంపెనీ ఏడాదికి 1,200 ఆస్ట్రేలియా డాలర్లు కట్టాలి. టర్నోవరు కోటి డాలర్లు, ఆపైన ఉంటే 1,800. నాలుగేళ్ల వీసా అయితే మొత్తం ఒకేసారి కట్టాలి. ఈ సొమ్మునూ, మనిషిని వెతికిన ఖర్చునూ పనివాడి దగ్గర వసూలు చేయకూడదు. 2015 డిసెంబరు నుంచి స్పాన్సర్‌షిప్‌కి డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం అక్కడ చట్టవిరుద్ధం. తీసుకున్నవాడికే కాదు, ఇచ్చినవాడికీ జరిమానా పడొచ్చు, వీసా రద్దు కావొచ్చు. బ్యాంకులో జీతం వేసి కొంత నగదుగా వెనక్కి అడగడం కూడా ఈ కోవలోకే వస్తుంది.

మీరు పెట్టుకోవాల్సినవి వీసా రుసుము (3,000 డాలర్ల పైనే), ఇంగ్లీషు పరీక్ష, నైపుణ్య పరీక్ష, మెడికల్, పోలీసు క్లియరెన్స్. ఇక్కడి ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. లైసెన్సున్నా సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ దాటకూడదు. మన విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని పేరు ఉందో లేదో చూడండి. ప్రాంసరీ నోటు, ఖాళీ చెక్కు అడిగితే అక్కడే లేచి వచ్చేయండి.

కంపెనీ నిజమైనదో కాదో తేల్చుకోవడానికి దాని ఏబీఎన్ (ఆస్ట్రేలియాలో వ్యాపారానికిచ్చే నమోదు నంబరు) అడగండి. 11 అంకెలుంటాయి, ఏబీఎన్ లుకప్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. తర్వాత కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోని చిరునామాకు మెయిల్ పెట్టి, ఈ ఉద్యోగం ఉందా అని నేరుగా అడగండి. ఏజెంటు ఇచ్చిన నంబరుకు మాత్రం చేయొద్దు. జీతం కూడా చూడండి. 2025 జూలై 1 నుంచి కనీసం ఏడాదికి 76,515 డాలర్లు ఉండాలి, ఏటా జూలైలో ఈ అంకె మారుతుంది. అదే పనికి అక్కడివాళ్లకు ఎక్కువ ఇస్తుంటే మీ తమ్ముడికీ అంతే ఇవ్వాలి.

మాకు ఎక్కువ బెంగ కలిగించేది మీ తమ్ముడి కాగితాల సంగతి. గత ఐదేళ్లలో కనీసం ఏడాది పూర్తికాలం ఆ పని చేసినట్టు రుజువు కావాలి. మన వర్క్‌షాపుల్లో శనివారం శనివారం చేతికిచ్చే జీతానికి రుజువేదీ మిగలదు. పీఎఫ్ ఉంటే పాస్‌బుక్ డౌన్‌లోడ్ చేసుకోమనండి. లేకపోతే ఈ నెల నుంచే జీతం బ్యాంకులో వేయమని యజమానిని అడగమనండి. అనుభవ పత్రంలో "మంచి పనివాడు" అని రాయించుకుంటే చాలదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారానికి ఎన్ని గంటలు, ఏ రకం వెల్డింగ్ (ఆర్కా, మిగ్గా, టిగ్గా), ఎంత మందం ప్లేటు, పైపు పనా, స్ట్రక్చర్ పనా అన్నీ ఉండాలి. సంతకం పెట్టినవాళ్ల ఫోన్ నంబరుకు అధికారులు చేస్తే మనిషి దొరకాలి. పనిచేస్తుండగా తీసిన ఫోటోలు, వీడియోలు దాచుకోవడం మంచిది.

అనుభవ పత్రం నేనే తయారు చేయిస్తానని ఏజెంటు అంటే అది అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. దొంగ పత్రం దొరికితే ఈ వీసా పోవడమే కాదు, మూడేళ్ల పాటు ఆస్ట్రేలియా వీసాలు చాలావరకు రావు. ఏజెంటు ఇంకో ఊళ్లో బోర్డు పెట్టుకుంటాడు, నిషేధం మాత్రం మీ తమ్ముడి పేరు మీదే ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసింది. యూకేలో కేర్ వర్కర్‌గా సీఓఎస్ (సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్) ఇప్పిస్తామని డబ్బు ఒంగోలులో అడుగుతున్నారు. నమ్మవచ్చా?
– ఒంగోలు నుంచి ఒక తల్లి

జవాబు: నమ్మకండమ్మా. విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకునే దారిని యూకే 2025 జూలై 22న మూసేసింది. సీఓఎస్ అంటే గోడకు తగిలించుకునే సర్టిఫికెట్ కూడా కాదు. ఆన్‌లైన్‌లో ఉండే ఒక రికార్డు, దానికో నంబరు. ఇచ్చిన 3 నెలల్లోపు దాంతో దరఖాస్తు చేయాలి. దాని రుసుము యజమానే కట్టాలి.

అమ్మాయికి నర్సు చదువుంది, ఆ దారిలోనే పంపండి. ఎన్‌ఎంసీ (యూకేలో నర్సులను నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్‌కు ఇంగ్లీషు పరీక్ష (ఐఈఎల్‌టీఎస్ అయితే 7, రైటింగ్‌లో 6.5 చాలు), సీబీటీ (కంప్యూటర్ మీద రాసే పరీక్ష) రెండూ మన దేశంలోనే రాయొచ్చు. ఓస్కీ (పని చేసి చూపించే పరీక్ష) అక్కడికి వెళ్లాక. పిలిచే ఆసుపత్రి పేరు యూకే ప్రభుత్వం అందరికీ తెరిచిపెట్టిన లైసెన్స్ స్పాన్సర్ల జాబితాలో స్కిల్డ్ వర్కర్ (అక్కడి ఉద్యోగ వీసా) కింద ఉందో లేదో మీరే వెతికి చూడండి.

ప్రశ్న: మా అల్లుడు 482 మీద మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. కంపెనీ తీసేసింది. వెంటనే తిరిగి రావాలా?
– చీమకుర్తి నుంచి ఒక మామగారు

జవాబు: అక్కర్లేదండీ. 2024 జూలై 1 నుంచి నిబంధన మారింది. కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి ఒక విడతలో 180 రోజులు, వీసా కాలం మొత్తమ్మీద 365 రోజులు మించకుండా గడువుంటుంది. వీసా తేదీ ముందే ముగిస్తే ఆ తేదీయే గడువు. ఆ గడువులో వేరేచోట పని చేసుకోవచ్చు. కొత్త కంపెనీ కొత్త నామినేషన్ వెయ్యాలి, పాతది పనికిరాదు. పని ఆగిన తేదీతో లేఖ, జీతం స్లిప్పులు అల్లుడిని ఇప్పుడే తీసుకోమనండి. రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.