బోరు నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందా?

పోదు, పైగా కాస్త పెరుగుతుంది. మరిగించడం వల్ల చచ్చేది సూక్ష్మక్రిములే. ఫ్లోరైడ్ ఉప్పులాగా నీళ్లలో కరిగి ఉండే ఖనిజం. నీళ్లు ఆవిరైపోతాయి, అది గిన్నెలోనే ఉండిపోతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న 4 లీటర్ల నీళ్లు మరిగి 3 లీటర్లయితే, లీటరుకు 2.6 దాటుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము వరకే మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5.

నల్గొండ సంగతే చూడండి. అక్కడి గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భజలాల్లోకి దిగుతుంది. ఆ నీళ్లే ఏళ్ల తరబడి తాగినవాళ్లకు పళ్లు గారపట్టాయి, ఎముకలు వంగిపోయాయి. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతి కనిపెట్టింది. దాని పేరే 'నల్గొండ టెక్నిక్'. కానీ పటిక, సున్నం ఎంత వేయాలో నీళ్లను పరీక్షించి లెక్కగట్టాలి, ఇంట్లో అందాజుగా వేసేది కాదు. ఆర్‌ఓ ఫిల్టరు కూడా ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది. ఊరంతటికీ అయితే నది నీళ్లు శుద్ధిచేసి పైపుల్లో తేవడమే మేలు. తెలంగాణలో మిషన్ భగీరథ పథకం కింద జరిగింది అదే.

చాలామంది పొరబడేది ఒకటుంది: నీళ్లు తేటగా, తియ్యగా ఉంటే మంచివేననుకుంటారు. ఫ్లోరైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ఈ మోతాదుల్లో రుచి కూడా తెలియదు. బోరు ఇంకా లోతుకు వేయిస్తే సరిపోతుందన్నదీ వట్టి నమ్మకమే, కొన్నిచోట్ల లోతుకు వెళ్లేకొద్దీ ఎక్కువే వస్తుంది.